మీటరు దాటిన తర్వాత



మన ఇంట్లో వస్తువుల చరిత్ర మనకు బాగా తెలుసు. ఈ గొలుసు అమ్మమ్మది, ఈ గంగాళం అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది అని తడుముకోకుండా చెప్తాం. మరి మన గోడల మీద పాకే కరెంటు తీగ ఏనాటిది, దాన్ని ఎవరు బిగించారు అని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలరు? ఈవేళ ఆ తీగల చరిత్రే చెప్పుకుందాం. ఇది కాలక్షేపానికి చెప్పే చరిత్ర కాదు, ప్రాణాలకు సంబంధించినది.

హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లోనే థర్మల్ విద్యుత్ కేంద్రం వెలిసింది. కాని మా కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల పల్లెల్లో ఆ తర్వాత కూడా చాలాకాలం ఎక్కబుడ్లూ, కందిళ్ళూ వెలిగాయి. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. మా ప్రాంతంలో గోదావరి నీళ్ళున్నాయి, సింగరేణి బొగ్గుంది. అందుకే 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల 'బి' కేంద్రం మొదలై 2024 దాకా పనిచేసింది. 1978 నవంబరు 14న అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ అక్కడే జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ మొదలైంది. పెరిగి పెరిగి అది 2,600 మెగావాట్లకు చేరింది.

ఇంతకంటె విశేషమైన కథ సిరిసిల్లది. అమెరికాలో పల్లెటూళ్ళకు కరెంటు ఇవ్వడం గిట్టుబాటు కాదని కంపెనీలు వెనకాడినప్పుడు, 1935లో అక్కడి ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణకు ఒక సంస్థను పెట్టింది. దాని అప్పులతో రైతులే సహకార సంఘాలు పెట్టుకుని తీగలు లాగుకున్నారు. 1969లో మన దేశంలో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడ్డాక, ఆ పద్ధతినే ప్రయోగంగా అయిదు చోట్ల మొదలుపెట్టారు. ఆ అయిదింటిలో ఒకటి మా సిరిసిల్ల. 1970లో పని మొదలుపెట్టిన ఆ సహకార విద్యుత్ సరఫరా సంఘంలో కరెంటు వాడుకునేవారే సభ్యులు. మరమగ్గాల ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకీ ఆ సంఘమే దీపం పెట్టింది.

ఇవన్నీ పెద్ద కథలు. వీటికి శంకుస్థాపన రాళ్ళున్నాయి, తారీఖులున్నాయి. కాని ఈ కథంతా మన గుమ్మం పక్కన మీటరు దగ్గర ఆగిపోతుంది. స్తంభం నుంచి మీటరు దాకా తీగ బాధ్యత సరఫరా చేసేవారిది. మీటరు దాటిన తర్వాత అంతా ఇంటివాళ్ళదే. లోపలి తీగల పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారా, అర్హత పత్రం ఉన్నవారి పర్యవేక్షణలో, పర్మిటు ఉన్న పనివారే చేయాలని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు చెప్పాయి. 2003లో కొత్త చట్టం వచ్చింది. 2010లో, మళ్ళీ 2023లో కొత్త భద్రతా నిబంధనలు వచ్చాయి. ఆ మూలసూత్రం మాత్రం మారలేదు. మారనిది ఇంకొకటి కూడా ఉంది. ఎవరు చవగ్గా దొరికితే వారిచేత పని చేయించుకునే మన అలవాటు!

ఇక గోడ మీదికి చూద్దాం. పాత ఇళ్ళలో టేకు బద్దీలు కొట్టి, వాటి మీద రబ్బరు తొడుగు తీగలను చిన్న రేకు క్లిప్పులతో బిగించేవారు. గుండ్రని చెక్క దిమ్మెల మీద నల్లని స్విచ్చీలు, మెయిన్ దగ్గర తెల్లని పింగాణీ ఫ్యూజులు. చూడడానికి ముచ్చటగానే ఉండేవి. అయితే రబ్బరుకు ఆయువు తక్కువ. వేడికి ఎండి, పెళుసై, వేలితో నొక్కితే పొడిగా రాలుతుంది. రామగుండం, ఆదిలాబాదు ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? తర్వాత వచ్చిన ప్లాస్టిక్ తొడుగు తీగలు కొంత నయం. కాని వాటికీ ముసలితనం ఉంది. బద్దీకి చెద పడుతుంది, ఎలుక కొరుకుతుంది, పెంకుల సందున వాన కారుతుంది. ఇక మనం పండుగ పండుగకూ తీగల మీదుగానే సున్నం పూస్తాం. దాంతో పగుళ్ళు కనిపించకుండా పోతాయి.

ఇంకో లెక్క చూడండి. ఆ తీగలు వేసిననాడు ఇంట్లో రెండు మూడు బల్బులు, ఒక పంకా. అంతా కలిపి 200 వాట్లనుకుంటే, 230 వోల్టుల దగ్గర ఒక ఆంపియరు కూడా కాదు. ఈనాడు 2,000 వాట్ల గీజరు ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. తీగలో పారే కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఒక్క మనిషి కోసం వేసిన నులక మంచం మీద పదిమంది కూర్చున్నట్టు కాదూ?

మా ఇంటి సంగతే చెప్తాను. ఒక ఎండాకాలం మా పిన్నత్తగారు కూలరులో నీళ్ళు పోస్తూ దాని రేకు మీద చెయ్యి వేసి, జిల్లుమందని బిందె వదిలేశారు. కాళ్ళ కింద నేల తడి. ఆవిడ అదృష్టం, కూలరును పట్టుకోలేదు, తాకారంతే. కబురు చేస్తే ఒక పెద్దాయన వచ్చాడు. ఏళ్ళ తరబడి ఈ పనే చేసినవాడు. మూడు పిన్నుల ప్లగ్గు విప్పి చూపించాడు.

"అమ్మా, పిన్నులు మూడున్నయి గాని లోపట తీగలు రెండే" అన్నాడు. ఎర్తు రంధ్రం వెనక ఏమీ లేదు! తర్వాత మెయిన్ దగ్గర ఫ్యూజు పీకి, "గింత మందం తీగ ఎవరేసిండ్రు?" అని అడిగాడు.

"మాటిమాటికీ పోతోందని నిరుడు ఒక అబ్బాయి వేసి వెళ్ళాడయ్యా" అన్నాను.

"ఫ్యూజు పోవాల్నమ్మా. అది పోతెనే మీరుంటరు" అన్నాడు ఆయన.

ఆ మాట నేను మరిచిపోలేదు. మీరూ మరిచిపోకండి.

మరి పనివాణ్ణి పిలిచేటప్పుడు ఏం అడగాలి? పర్మిటు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. పనిముట్ల సంచిలో టెస్టరు ఒక్కటే ఉందో, తీగల తొడుగు బలాన్ని పరీక్షించే మెగ్గరు కూడా ఉందో చూడండి. 500 వోల్టులతో పరీక్షిస్తే కనీసం ఒక మెగోమ్ చూపాలని పాత నిబంధనలే చెప్పాయి. స్విచ్చి ఫేజు తీగ మీదే ఉందా అని చూపించమనండి. న్యూట్రల్ మీద ఉంటే దీపం ఆరినా హోల్డరులో కరెంటు అలాగే ఉంటుంది. ఎర్తు గుంత ఎక్కడుందో అడిగి తెలుసుకోండి. బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి పూడ్చిన ఆ గుంత ఎండాకాలం ఎండిపోతే సరిగా పనిచేయదు. తులసి కోటకు పోసినట్టే దానికీ నీళ్ళు పోయాలి. 30 మిల్లీఆంపియర్ల కరెంటు పక్కకు జారినా క్షణంలో సరఫరా ఆపేసే పరికరాన్ని పెట్టించండి. దాని మీద పరీక్ష బొత్తాం ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. తీగలకూ స్విచ్చీలకూ ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూసి కొనండి.

చివరగా దండెం సంగతి. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు తీగను మోసే ఇనుప తీగకు గానీ, ఆ తీగ ఆనిన పైపుకు గానీ బట్టల దండెం కట్టకండి. పైన తొడుగు చిట్లిందంటే కరెంటు ఆ ఇనుము మీదుగా దండేనికి దిగుతుంది. తడి బట్ట, తడి చెయ్యి, తడి నేల. అక్కడ నిలబడేది మనమే. దండేనికి నైలాను తాడు చాలు. ఎవరికైనా షాకు కొడితే ముందు మెయిన్ కట్టండి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకోండి.

రామగుండంలో ఎన్ని మెగావాట్లు పుట్టినా, మన ఇంట్లోకి వచ్చేసరికి ఆ శక్తి అంతా వేలి మందం కూడా లేని తీగ మీద ఆధారపడి ఉంటుంది. ఆ తీగను కనిపెట్టుకుని ఉండవలసినవాళ్ళం మనమే. ఈసారి పనివాడు వచ్చినప్పుడు, ఎప్పుడు ఏ తీగ మార్చారో, ఎవరు మార్చారో ఒక కాగితం మీద రాసి మెయిన్ బోర్డు తలుపు వెనక అతికించండి. రేపు మీ కోడలికి గంగాళంతో పాటు ఆ చరిత్ర కూడా అందుతుంది.

సెలవు.