రాబోయే రాబడికి నేటి వెల: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పింఛను నిధి, కళాశాల ఫుట్‌బాల్

2025లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఉద్యోగుల పింఛను నిధిని నిర్వహించే పెట్టుబడుల విభాగం ఒక ప్రతిపాదన చేసింది. ‘బిగ్ టెన్’ అనే 18 విశ్వవిద్యాలయాల క్రీడాసమాఖ్య తన వాణిజ్య హక్కులను ఒక కొత్త సంస్థకు అప్పగిస్తే, అందులో దాదాపు పదోవంతు వాటాకు 240 కోట్ల డాలర్లు ఇస్తామన్నది దాని సారాంశం. ఆ హక్కుల విలువలో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌ది. అధ్యాపకుల పింఛను సొమ్ము విద్యార్థుల ఆటను వెతుక్కుంటూ వెళ్లడం వెనుక రెండు చరిత్రలున్నాయి. వాటిని విడివిడిగా చదవడం పరిపాటి.

మన రాష్ట్రాల్లో సి.పి.ఎస్.కు ముందున్నట్లే అక్కడా సర్వీసును, జీతాన్ని బట్టి పింఛను నిర్ణయమవుతుంది. అయితే మన పాత పింఛను ఏటికేడు బడ్జెట్ నుంచి వచ్చేది. అక్కడ ముందుగానే నిధి కూడబెట్టాలి. ఎంత కూడబెట్టాలన్నది భవిష్యత్తు రాబడిపై వేసే అంచనా తేలుస్తుంది. నిధి అవసరానికి మించి ఉందన్న లెక్కతో 1990 నవంబరులో చందాలు ఆపేశారు. 2010 ఏప్రిల్‌లో గాని వాటిని పునరుద్ధరించలేదు. ఈలోగా, 1990ల తొలినాళ్లలో రాష్ట్రప్రభుత్వం కేటాయింపులు తగ్గించగా, మూడు విడతల ముందస్తు పదవీవిరమణతో జీతాల భారాన్ని కొంత ఆ నిధి మీదికే నెట్టారు. లోటుకు 2008 ఆర్థిక సంక్షోభమే కారణమనడం సగం నిజం. సంక్షోభం లోటును బయటపెట్టింది. దానికి దారితీసింది కాగితం మీది మిగులును చేతి సొమ్ముగా ఎంచడం.

ఫుట్‌బాల్ చరిత్రలోనూ ఇదే తర్కం కనిపిస్తుంది. 1984 వరకు ఏ పోటీలు టీవీలో రావాలో జాతీయ కళాశాల క్రీడాసంఘం నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు వేసిన దావాలో సుప్రీంకోర్టు ఆ గుత్తాధిపత్యాన్ని కొట్టివేసింది. దానితో ప్రసారహక్కు స్వేచ్ఛగా అమ్ముకోగల సరుకైంది. 2022లో బిగ్ టెన్ కుదుర్చుకున్న ఏడేళ్ల ఒప్పందం విలువ 700 కోట్ల డాలర్లకు పైమాటే. అదే ఏడాది లాస్ ఏంజెలిస్ ప్రాంగణం ఆ సమాఖ్యలో చేరనున్నట్లు ప్రకటించింది. వెనుకబడిపోయిన సోదర ప్రాంగణం బర్క్‌లీకి ఏటా కోటి డాలర్లు చెల్లించాలని పాలకమండలి 2024లో ఆదేశించింది. ఒకే విశ్వవిద్యాలయంలో ఒక జట్టు మరో జట్టుకు మనోవర్తి చెల్లించినట్లుంది ఇది!

బర్క్‌లీ క్రీడాప్రాంగణం కథ ఇంకా స్పష్టం. 1923లో తెరిచిన ఆ కట్టడం హేవర్డ్ భూకంప భ్రంశరేఖ మీదే ఉంది. దాన్ని పటిష్ఠపరచడానికి భారీగా అప్పు చేశారు. అభిమానులకు ఆసనాల హక్కును దశాబ్దాల కాలానికి ముందే అమ్మి అప్పు తీర్చవచ్చనుకున్నారు. 2012లో ప్రాంగణం తిరిగి తెరుచుకుంది గాని అమ్మకాలు అంచనాలను అందుకోలేదు. అప్పులో చెప్పుకోదగ్గ భాగం క్రీడావిభాగం నుంచి విశ్వవిద్యాలయం మీదికి మళ్లింది.

రెండు చోట్లా లెక్క వేసింది భవిష్యత్తు మీదే. కాని బాధ్యతల స్వభావం వేరు. ఆర్జించిన పింఛను చట్టం కాపాడే హక్కు. ఆటకు ప్రేక్షకులుంటారన్నది కేవలం ఆశ. ఆ ఆశకు గడువు కల్పించడానికే కావచ్చు, 2025 ప్రతిపాదన సభ్యవిశ్వవిద్యాలయాల ప్రసారహక్కులను 2046 వరకు సమాఖ్యకే కట్టిపెట్టాలని కోరింది. మిషిగన్ విశ్వవిద్యాలయమూ, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమూ అడ్డుచెప్పాయి. ఆ నవంబరులో పెట్టుబడుల విభాగం తన ప్రయత్నాన్ని నిలిపివేసింది.