ఉక్కు రేసింగ్ సైకిల్ పునరుద్ధరణ

ఉక్కు రేసింగ్ సైకిల్ ఘనతంతా దాని గొట్టాలదే. అతుకు పడే చివర్లలో మందంగా, నడుమ పలుచగా ఉండే గొట్టానికి బర్మింగ్‌హామ్‌లో 1897లో పేటెంట్ వచ్చింది. 1935లో రేనాల్డ్స్ సంస్థ తెచ్చిన 531 రకం మాంగనీస్-మాలిబ్డినం ఉక్కు దశాబ్దాల పాటు రేసుల్ని ఏలింది. తర్వాత అల్యూమినియం, కార్బన్ దాన్ని పక్కకు నెట్టాయి.

పాత బండ్లకు మళ్లీ గౌరవం తెచ్చినవాటిలో ముఖ్యమైనది ఇటలీలోని టస్కనీలో 1997లో మొదలైన, పాత సైకిళ్ల మీద సాగే ఎరోయికా యాత్ర. గేర్ మీటలు ఫ్రేమ్ గొట్టం మీదే ఉండాలన్నది అక్కడి నియమాల్లో ఒకటి.

పునరుద్ధరణలో పెద్ద చిక్కు మరలు. పెడళ్ల ఇరుసు గూటికి ఇంగ్లిష్ ఫ్రేమ్‌లో చెయిన్ వైపు ఎడమ మర ఉంటుంది. ఇటాలియన్ ఫ్రేమ్‌లో రెండు వైపులా కుడి మరే. తెలియక బలంగా తిప్పితే గూడే పాడవుతుంది. అసలు రంగు నిలిచి ఉన్న ఫ్రేమ్‌ను గీకించి కొత్త రంగు వేయించకపోవడమే మంచిది.