వంకాయ రంగు లింకు కథ

గోదావరిఖనిలో ఇంటాయన కనబడకపోతే పక్కింటావిడ అడిగే మొదటి మాట, "బాయికి పోయిండా?" అని. పుస్తకాల్లో గని అని రాస్తాం గాని, ఈ కాలనీల్లో దాని పేరు బాయే. ఆ బాయిలోకి దిగేవాళ్ల సంగతి మాత్రం కాగితం మీద ఉండి తీరాలి. భూమి లోపల ఏ క్షణాన ఎవరెవరున్నారో తెలిసేలా రిజిస్టరు ఉండాలని 1952 నాటి గనుల చట్టం చెప్పింది. షిఫ్టు దిగాక పైకి రాని పేరు ఏదైనా ఉంటే, వెతకడం మొదలయ్యేది ఆ పుస్తకంలోంచే.

మనుషుల లెక్క ఒక్కటీ చాలదు. తవ్వి వదిలేసిన చోట్ల లెక్క కూడా ఉండాలి. పాత తవ్వకాల్లో ఏళ్ల తరబడి నీళ్లు చేరతాయి. వాటికి 60 మీటర్ల లోపు కొత్త పని సాగించాలంటే ముందుగా అనుమతి కావాలి. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్‌నాలా గనిలోకి పాత తవ్వకాల నీళ్లు విరుచుకుపడి 375 మంది పోయారు. మన గోదావరిఖనిలోనే 2003 జూన్‌లో 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. వెళ్లొచ్చిన చోట్ల గుర్తు ఎంత విలువైనదో ఈ ఊరివాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటారా? మన చేతిలో ఫోను కూడా అచ్చం ఇలాంటి పుస్తకమే రాస్తుంది. దాని పేరు హిస్టరీ. కాకతీయుల చరిత్ర కాదు లెండి, మనం ఇంటర్నెట్‌లో ఏ పేజీ ఎప్పుడు తెరిచామో ఆ చిట్టా. క్రోమ్ అయితే ఫోనులో దాదాపు 90 రోజుల చిట్టా ఉంచుకుంటుంది. ఆ చిట్టాలోంచి పుట్టిందే రంగు మారే లింకు. చూడని లింకు నీలం, చూసినది వంకాయ రంగు.

ఈ రంగులు ఎవరు పెట్టారంటే, అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం కుర్రాళ్లు. టిమ్ బర్నర్స్‌లీ 1990లో స్విట్జర్లాండ్‌లో మొదటి బ్రౌజరు తయారుచేశాడు. ఆ తర్వాత మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బీనా అనే ఇద్దరు మొజాయిక్ అనే బ్రౌజరు రాశారు. 1993 ఏప్రిల్‌లో వచ్చిన దాని కూర్పులో చూడని లింకుకు నీలం రంగూ కింద నిండు గీతా, చూసినదానికి ముదురు వంకాయ రంగూ తెగిన గీతా పెట్టారు. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. అప్పటికే ఆ రంగులు కుదురుకున్నాయి. ఏ కంచి నేతగాణ్ణో సంప్రదించి ఉంటే ఇంకాస్త మంచి రంగులు చెప్పేవాడేమో!

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాతే దొంగలు పడ్డారు.

పేజీ తయారుచేసేవాడికి ఒక వెసులుబాటు ఉండేది. తన పేజీలో కనబడకుండా వేల లింకులు దాచిపెట్టి, "ఈ లింకు ఇప్పుడు ఏ రంగులో ఉంది?" అని బ్రౌజరునే అడిగేవాడు. పాపం, అది ఉన్నదున్నట్టు చెప్పేసేది. వంకాయ రంగు అందంటే మీరు అక్కడికి వెళ్లినట్టే కదా! ఒక్క తాళం తియ్యకుండా మీ పుస్తకమంతా చదివేసినట్టే. 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో పరిశోధకులు పేరున్న 50,000 వెబ్‌సైట్లు పరిశీలిస్తే 46 సైట్లు నిజంగానే ఈ పని చేస్తూ దొరికాయి.

అందులో ఏం వెతికేవారో తెలిస్తే ఆడవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఎపిక్ మార్కెట్‌ప్లేస్ అనే ప్రకటనల కంపెనీ మీద అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంస్థ కేసు పెట్టింది. 2012లో బయటపెట్టిన వివరాల ప్రకారం ఆ కంపెనీ 54,000కు పైగా వెబ్‌సైట్ల పేర్లు పెట్టుకుని, జనం వాటిలో వేటికి వెళ్లారో ఆరా తీసింది. ఆ జాబితాలో సంతానం కలగకపోవడం, ముట్లుడగడం, మూత్రం ఆగకపోవడం, అప్పులు, దివాలా గురించిన పేజీలున్నాయి. కన్నతల్లికి కూడా చెప్పుకోవడానికి సిగ్గుపడే మాటలు పరాయి కంపెనీకి సరుకయ్యాయి.

దీనికి మందు మొజిల్లాలో పనిచేసే డేవిడ్ బారన్ 2010లో కనిపెట్టాడు. మందు చిత్రమైనది. బ్రౌజరుకు అబద్ధం చెప్పడం నేర్పాడు! మీ కంటికి వంకాయ రంగే కనబడుతుంది. పేజీ అడిగితే మాత్రం "నీలమేనండీ" అంటుంది. ఇంత పుణ్యం మూటకట్టుకున్న అబద్ధం ఇంకోటి ఉంటుందా? అయినా సందులన్నీ మూసుకోలేదు. చివరికి 2025 ఏప్రిల్‌లో వచ్చిన 136వ కూర్పులో క్రోమ్ గట్టి కట్టడి పెట్టింది. మీరు ఏ సైటులో ఉండి లింకు నొక్కారో, ఆ సైటులోనే దానికి రంగు మారుతుంది. ఇంకోచోట నీలంగానే ఉంటుంది.

ఈ కట్టడితోనే కొత్త తలనొప్పి వచ్చింది. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో ఒకావిడ బిడ్డకోసం ఉద్యోగ ప్రకటనలు చూస్తుంటుంది. "ఏందొదినా, నిన్న సూసిందే మళ్ల కొత్తదానోలె నీలంగ కనబడవట్టె. ఫోను కరాబైందా?" అని అడిగింది. ఫోను నిక్షేపంగా ఉంది. ఆవిడ నిన్న ఆ ప్రకటన తెరిచింది వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి. ఇవాళ చూస్తున్నది ప్రకటనల జాబితా పేజీలో. అక్కడినుంచి ఎన్నడూ నొక్కలేదు కనుక అక్కడ నీలమే.

రంగు మారకపోవడానికి ఇంకా కారణాలున్నాయి. ఇన్‌కాగ్నిటోలో చూస్తే చిట్టానే రాయదు. ఎవరో చిట్టా తుడిచేసి ఉండవచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో హిస్టరీ గుర్తుంచుకోవద్దని సెట్టింగు పెట్టి ఉండవచ్చు. కొన్ని సైట్లవాళ్లు చూసినవాటికీ చూడనివాటికీ ఒకే రంగు పులిమేస్తారు, దానికి మనం చెయ్యగలిగిందేమీ లేదు. ముందు హిస్టరీ తెరిచి చూడండి. పేజీ పేరు అందులో ఉంటే మీ ఫోను తప్పు కాదు.

మన ఇళ్లలో ఫోను ఒకరి సొత్తు కాదు. పొద్దున అబ్బాయి ఆటలకు, మధ్యాహ్నం అత్తగారి భక్తి పాటలకు, రాత్రి ఆయన క్రికెట్‌కు. మధ్యలో మీరు డాక్టరు సలహా కోసమో, విడిగా ఒక బ్యాంకు ఖాతా కోసమో వెతికి ఉంటారు. అత్తగారి చేతిలో ఉన్నప్పుడు ఆ చిట్టా ఆవిడకూ కనబడుతుంది, బ్రౌజరు అబద్ధం అక్కడ పనికిరాదు. మొత్తం తుడిచేస్తే ఖాళీ పుస్తకమే అనుమానం పుట్టిస్తుంది. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి, హిస్టరీలోకి వెళ్లి, మీకు కావలసిన ఆ ఒక్క వరుసనే తీసెయ్యవచ్చు. గూగుల్ ఖాతాలో ఉండి చూసి ఉంటే "మై యాక్టివిటీ" అనే ఇంకో పుస్తకం కూడా ఉంటుంది, అక్కడ వేరేగా తియ్యాలి. ఇన్‌కాగ్నిటో ఇంట్లోవాళ్ల కంటికే పరదా, మీరు వెళ్లిన సైటువాళ్లకు కాదు.

ఎనిమిదో ఇంక్లైన్ ఆవిడకు ఇదంతా విప్పి చెబితే కాసేపు ఆలోచించి, ఆ ప్రకటన లింకు జాబితా పేజీలోనే ఒకసారి నొక్కి వెనక్కి వచ్చింది. రంగు మారింది. ఆ తర్వాత మెల్లగా, "ఆ ఒక్క వరుస తీసేసుడు ఎట్లనో మళ్లొక్కసారి సూపియ్యరాదూ" అంది.