పార్శ్వపు నొప్పి చరిత్రము

మన కుటుంబములలో ననేకులను బాధించుచుండియు వ్యాధిగా నెంచబడని వ్యాధి యొకటి గలదు. దానికి జ్వరము లేదు, వాపు లేదు, గాయము లేదు. తలలో నొక ప్రక్క సమ్మెటతో కొట్టినట్లు నొప్పి పుట్టును. వెలుతురు గిట్టదు, చప్పుడు సహింపరాదు, కడుపులో వికారము కలుగును. రోగి చీకటిగదిలో పండుకొని, మరునాడు లేచి యథాప్రకారముగా తిరుగును. పురుషులకంటె స్త్రీలకిది రెండు మూడు రెట్లధికము. ఇంటిపని తప్పించుకొనుటకు పన్నిన సాకని యత్తవారును, దృష్టి తగిలినదని పుట్టినింటివారును దీనిని త్రోసివేయుట వాడుకయైనది. ఇది సాకు కాదని శాస్త్రము స్థాపించిన విధము ప్రతి గృహస్థుడును తెలిసికొనదగినది.

పూర్వులీ రోగము నెఱుగని వారు కారు. చరక సుశ్రుత సంహితలలో దీనికి అర్ధావభేదకమని పేరు. పదిదినములకో పక్షమునకో మరల వచ్చునని సుశ్రుతము చెప్పుచున్నది. గ్రీకు వైద్యుడు గాలెను దీనిని హెమిక్రానియా యనెను. ఆ మాటయే అరిగి మైగ్రేన్ అయినది. రెండు పేళ్లకును సగము తల యనియే భావము. లక్షణములను చక్కగా కనిపెట్టిన యీ పెద్దలు కారణమును మాత్రము దోషప్రకోపమనియో శరీర రసముల వికారమనియో తలచిరి.

విశాఖపట్టణమున వైద్యకళాశాల 1923లో వెలసెను. అటుపిమ్మట ఎనిమిదేండ్లకు, 1931లో, లండనులో ఫాన్ ఆయిలర్, గాడమ్ అను నిరువురు గుఱ్ఱపు మెదడునుండియు ప్రేగులనుండియు తీసిన సారమునందు రక్తపుపోటును తగ్గించు క్రొత్త పదార్థమును కనిపెట్టి, దానికి 'పదార్థము పి' యని పేరిడిరి. అది పదునొకండు ఆమినో ఆమ్లముల చిన్న గొలుసని తరువాత తేలినది. నాడులు పరస్పరము వార్త లంపుకొనుటకు వాడు నిట్టి గొలుసులే నాడీ పెప్టైడులు. 1982లో ఎలుకల జన్యువులను పరిశీలించుచుండగా మరియొకటి బయటపడెను. ఒకే శ్లోకము పదవిభాగము మార్చినచో వేఱర్థ మిచ్చునట్లు, కాల్సిటోనిన్ అను హార్మోనునకు మూలమైన జన్యువే నాడీకణములలో వేఱు విధముగా కూర్పబడి ముప్పదియేడు ఆమినో ఆమ్లముల పెప్టైడు నిచ్చును. దానిని సి.జి.ఆర్.పి. యందురు.

ముఖమునకును మెదడు పొరలకును స్పర్శ నొసగు త్రిశాఖ నాడిలో ఈ రెండు పెప్టైడులును గలవు. అమెరికాలో మస్కోవిట్స్ అను పండితుడు 1980 తరువాతి యేండ్లలో ఎలుకలయందా నాడిని ప్రేరేపింపగా మెదడు పొరలోని రక్తనాళములనుండి ద్రవము కారెను. ఈ కారుటను ఆపిన నొప్పి నిలుచునని పలువురు నమ్మిరి. పదార్థము పి ని అడ్డగించు మందులు పుట్టినవి. అవి ఎలుకలలో ద్రవమును ఆపినవి. మనుష్యులలో నొప్పిని మాన్పలేదు. తనకు తల నొచ్చుచున్నదని ఎలుక చెప్పజాలదు. పరీక్షకులు కొలిచినది ద్రవమునే గాని బాధను గాదు.

గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ అనువారు మరియొక త్రోవ పట్టిరి. 1988లో వారు త్రిశాఖ నాడిని ప్రేరేపించినపుడు పిల్లులయందును మనుష్యులయందును ఈ పెప్టైడులు రక్తములోనికి వెడలుట చూచిరి. పిదప 1990లో, నొప్పి వచ్చియున్న రోగుల కంఠసిరలోని రక్తమును పరీక్షింపగా సి.జి.ఆర్.పి. హెచ్చియుండెను, పదార్థము పి హెచ్చలేదు. 2002లో కోపెన్‌హేగన్ పరిశోధకులు ఈ రోగము గలవారికి సి.జి.ఆర్.పి. నెక్కింపగా కొందఱకు పార్శ్వపు నొప్పియే వచ్చెను. జంతువు దారి చూపెను. సాక్ష్యము మాత్రము మనుష్యుడే చెప్పవలసి వచ్చెను. ఈ పెప్టైడు పనిని అడ్డగించు ప్రతిదేహపు మందు తొలుత 2018లో అమెరికాలో అనుమతి పొందెను. కొందఱకు నెలలోని నొప్పిదినములు సగమునకు తగ్గినవి; కొందఱకు గుణము కనబడలేదు; వెలయును అధికమే. మస్కోవిట్స్, గోడ్స్‌బీ, ఎడ్విన్సన్, ఒలెసెన్ అను నలువురకు 2021లో డెన్మార్కుదేశపు బ్రెయిన్ ప్రైజు లభించెను.

ఖరీదైన మందు లేకున్నను ఈ చరిత్రమువలన మనకు ప్రయోజనము గలదు. నిద్ర తప్పుట, వేళకు భుజింపకుండుట, తీవ్రమైన వెలుతురు ఈ నొప్పిని రేపును. మన విశాఖలో రేవునందును ఉక్కు కర్మాగారమునందును రాత్రి షిఫ్టు చేయువారికి మొదటిది తప్పదు; ఉపవాసములు పట్టి, అందఱకు వడ్డించి, కడపట తిను గృహిణులకు రెండవది నిత్యము. నొప్పి గల యిల్లాలిని ఉపవాసమునకు నిర్బంధింపకుండుటయు, ఆమెను ముందుగా భుజింపనిచ్చుటయు ధర్మమునకు భంగము గాదు. నొప్పి మాత్రలు అతిగా మ్రింగినచో అవియే తలనొప్పిని పెంచును. కావున వైద్యుని సలహా అవశ్యకము. ఎన్నడును లేని తీవ్రమైన నొప్పి హఠాత్తుగా వచ్చినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

ఎలుక నోరులేనిది గనుక దాని బాధను కొలుచుటలో పండితులు పొరపడిరి. నోరుగల మనుష్యులు మన యింటనే యుండి, తల నొచ్చుచున్నదని చెప్పుచుండ, వినకుండుటకు మనకు సాకేమున్నది?