మోకా పాట్ కాఫీ: పొడి దగ్గరే జాగ్రత్త

దోహా షాపుల్లో కనిపించే, ఎనిమిది పలకల చిన్న అల్యూమినియం కాఫీ పాత్రే మోకా పాట్. ఇటలీలో 1933 నుంచి ఉంది, బియాలెట్టి కంపెనీది. పనితీరు మన కుక్కర్‌కు దగ్గర. కింది గదిలో నీళ్లు కాగి, ఆవిరి ఒత్తిడికి మధ్యలోని పొడి గుండా పైకెక్కుతాయి. ఆ ఒత్తిడి ఒకటి, రెండు బార్లే. ఎస్ప్రెస్సో మెషీన్‌లో సుమారు 9. అంటే వచ్చేది అసలు ఎస్ప్రెస్సో కాదు, చిక్కటి డికాషన్. పాలు కలుపుకునే మనకు అది చాలు!

ఇక్కడి టర్కిష్ కాఫీ పొడి మైదాలా మెత్తగా ఉంటుంది, జల్లెడ పూడుకుపోతుంది. ఊరి నుంచి తెచ్చుకున్న చికోరీ పొడి కూడా తడిస్తే ముద్దకడుతుంది. దారి మూసుకుంటే ఒత్తిడంతా కింది గదిలోనే ఉండిపోతుంది. అందుకే అక్కడ సేఫ్టీ వాల్వ్ పెట్టారు. నీళ్లు దానికి కాస్త కిందివరకే పోయండి, వాల్వ్ మీ వైపు తిరగకుండా పెట్టండి. చికోరీ లేని అరకు అరబికా గింజలు దొరికితే మేలు. టేబుల్ సాల్ట్ అంత సన్నగా ఆడించి, గిన్నె నిండా వేయండి. ఫిల్టర్‌లో అదిమినట్టు మాత్రం అదమకండి.

సన్నటి సెగ చాలు. గరగర శబ్దం మొదలవగానే దించేయాలి, లేకపోతే చేదెక్కుతుంది.

మీ ఫ్లాట్‌లో ఇండక్షన్ స్టవ్ ఉంటే అల్యూమినియం పాట్ వేడెక్కదు. ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీలుదే కొనండి. రబ్బరు వాషర్ గట్టిపడితే మార్చండి. అల్యూమినియందాన్ని డిష్‌వాషర్‌లో వేస్తే నల్లబడుతుంది. వేడినీళ్లతో కడిగి, విప్పి ఆరబెడితే సరి.