నిలిచిన బండికి ఊతము, మురుగునకు త్రోవ

అమెరికా దేశమున కారు వెనుక తగిలించుకొని పోవు విడిది ట్రైలరు చరిత్రను వ్రాసినవారు, దాని పరుగును దాని తళుకును వర్ణించుటయందు చూపిన శ్రద్ధను, ఆ బండి యొకచోట ఆగిన పిమ్మట కదలక మెదలక ఎట్లు నిలిచినది, అందు వసించినవారు వాడి విడిచిన నీరు ఏ త్రోవను పోయినది అను ప్రశ్నలయందు చూపరైరి. నా మతమున ఆ బండి ఇల్లనిపించుకొనుటకును, ఊరివారు దాని రాకను సహించుటకును కారణము అల్యూమినియపు మెరుగు కాదు. దాని అడుగున తగిలించిన గొట్టమును, నాలుగు మూలల దింపిన జాకీలునే.

1910లో పియర్స్-యారో సంస్థవారు న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెనునందు ప్రదర్శించిన టూరింగ్ లాండో అను కారు ధనవంతుల కొరకు పుట్టినది. అందు వెనుకపీట పరుపుగా మారెడిది. సారథి పీట వెనుక మడతతొట్టి యొకటియు, మలమూత్ర విసర్జనమునకు పాత్ర యొకటియు నుండెను. ఆ పాత్రను పారబోయు భారము యజమానిది కాక సేవకునిదే యై యుండును గనుక, సమస్య తీరలేదు, చేయి మారినది, అంతియే. పిమ్మట ఫోర్డు మోడల్ టి కారు సామాన్యుని వాకిటికి వచ్చెను. 1919లో ఫ్లారిడా రాష్ట్రమున టాంపా పట్టణపు డిసోటో పార్కునందు కూడిన సంచారులు ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అను సంఘమును స్థాపించి, రేడియేటరు మూతకు ఖాళీ రేకుడబ్బా నొకదానిని అతికించుకొనుటయే తమ చిహ్నముగా పెట్టుకొనిరి. వీరిలో పెక్కురకు డేరాయే ఇల్లు. శౌచమునకు పురపాలక సంఘములు విడిదిస్థలములందు కట్టించిన దొడ్లు, అవి లేనిచోట పొదలు.

డిట్రాయిట్ నగరమున సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుడైన ఆర్థర్ షెర్మన్, తాను కొన్న మడత డేరా ట్రైలరును విప్పి నిలుపులోపలనే కుటుంబమంతయు వానలో తడిసిపోగా విసిగి, గట్టిగోడల బండి నొకదానిని చేయించుకొనెను. పిల్లలు దానికి ‘కవర్డ్ వాగన్’ అని పేరిడిరి. 1930లో డిట్రాయిట్ మోటారు ప్రదర్శనమునకు తెచ్చిన ఆ బండినుండి పుట్టిన కర్మాగారము 1936 నాటికి దేశమునందలి ట్రైలరు సంస్థలన్నిటిలో పెద్దదయ్యెను. ఆ వేగమును చూచి రోజర్ బాబ్సన్ అను ఆర్థికవేత్త, ఇరువదియేండ్లలో దేశజనులలో సగముమంది ట్రైలర్లలోనే కాపురముందురని జోస్యము చెప్పెను. జోస్యము ఫలింపలేదు, పురపాలకులు మాత్రము భయపడిరి. వారి భయమునకు హేతువు లేకపోలేదు. ఆ దశాబ్దపు బండ్లలో సాధారణముగా వంటతొట్టికి నేలలో ఒక రంధ్రము, రంధ్రము క్రింద ఒక బకెట్టు. బకెట్టు నిండినచో నేలయే గతి. పది బండ్లు పదిదినములు నిలిచిన మైదానము పదునొకండవనాడు ఎట్లుండునో వేరుగ చెప్ప పనిలేదు. ఇన్ని దినములకు మించి నిలువరాదని పలుపట్టణములు శాసించినవి.

రెండవ ప్రపంచయుద్ధమున కర్మాగారముల చెంత కార్మికులకు ట్రైలర్లే నివాసములయ్యెను. యుద్ధానంతరము బండ్లలోనికి స్నానపుగది, పాయిఖానాయు ప్రవేశించినవి. ట్రైలరు విడిదులలో ప్రతి స్థలమునకును భూగర్భపు మురుగుకాలువకు పోవు మూతిని ఏర్పరచిరి. బండి యడుగునుండి ఆ మూతి దాక సాగు గొట్టము, అనగా మన కథానాయకము, అచటనే జన్మించెను. 1950ల నడుమ, పది అడుగుల వెడల్పుగల బండ్లు వచ్చి అవి స్థిరవాసపు ఇండ్లుగాను, చిన్నవి విహారపు బండ్లుగాను రెండు శాఖలు చీలినవి. విహారపు బండి కాలువ మూతి లేని అడవులకును పోవలెను గదా! కనుక మురుగును కొన్నిదినములు తనలోనే దాచుకొను తొట్టి అవసరమయ్యెను. 1957లో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ ఇంటర్నేషనల్ అను తన బండిని స్వయంసంపూర్ణమని చాటినప్పుడు, ఆ గర్వోక్తిలో అధికభాగము విద్యుత్తు, నీరు, మురుగు అను మూడింటిని బండియే భరించుననుటయందున్నది.

ఆ తొట్టెలు సాధారణముగా రెండు: పాయిఖానాది యొకటి, స్నానపునీరును వంటనీరును చేరునది వేరొకటి. ఒక్కొక్కదానికి ఒక కవాటము. మూడంగుళముల వ్యాసము గలిగి, తీగచుట్టపై పలుచని వినైలు పొర తొడిగిన గొట్టమును తగిలించి, మొదట పాయిఖానా తొట్టిని, పిమ్మట సబ్బునీటి తొట్టిని విడువవలెను. రెండవది మొదటిదాని మాలిన్యమును గొట్టమునుండి కడిగికొని పోవును. కాలువకు తగిలించియే యున్నాముగదా యని మొదటి కవాటమును సదా తెరచియుంచువాడు కష్టముల పాలగును: ద్రవము జారిపోయి ఘనము తొట్టి యడుగున కుప్పపడి గట్టిపడును. తొట్టి మూడింట రెండుపాళ్లైన నిండువరకు కవాటమును మూసియుంచుమనునదియే అనుభవజ్ఞులు క్రొత్తవారికి చెప్పు మొదటి పాఠము. ఈ విషయమున అవమానపడినవారి దుఃఖము అమెరికనులకు హాస్యమయ్యెను; 2006లో రాబిన్ విలియమ్స్ నటించిన ‘ఆర్‌వి’ చిత్రమున మురుగు పైకెగజిమ్మిన ఘట్టము ప్రేక్షకులను నవ్వించుటకే పెట్టినది.

కడిగిన గొట్టము నెచట దాచవలెను? త్రాగునీటి గొట్టముతో కలిపి పెట్టరాదు. వాసనగలది గాన ఇంటిలో పెట్టరాదు. తయారీదారులు బండి వెనుక అడ్డముగా వెల్డుచేసిన నాలుగంగుళముల చదరపు ఉక్కుబంపరు బోలుగా నుండుటను చూచి, రెండుకొనల మూతలు బిగించి, ఇదిగో అర యనిరి. వ్యయము లేని ఉపాయమగుటచే ఇది దేశమంతట ప్రాకినది. కాని తడిగొట్టమును మూసిన ఉక్కులో నుంచిన త్రుప్పు పట్టుట సహజము. గొట్టపు కొనల కొక్కెములు వెడల్పైనచో లోనికి దూరవు. మూత దారిలో ఊడిపోయినచో గొట్టము రహదారిపాలగును. పైగా అట్లు లోపల క్షీణించు పలుచని ఉక్కుమీదనే సైకిళ్లను మోయు చట్రమును బిగించువారును కలరు! దీనికంటె యజమానులు తామే కనుగొన్న ఉపాయము మేలు: కంచెలకు వాడు అయిదంగుళముల బోలు ప్లాస్టికు స్తంభమును బండి చట్రము క్రింద బిగించి, గాలియాడ రంధ్రములు తొలిచి, కొనలకు మూతలు పెట్టుట. ఇది త్రుప్పు పట్టదు, వెడల్పైన కొక్కెమును కాదనదు.

ఇక నిలుకడ. కాడి దింపిన ఎడ్లబండికి మన రైతు చక్రము క్రింద రాయి పెట్టి, ముందు ఊతకర్ర నిలుపునట్లే, ట్రైలరువానికిని క్రమ మొకటి కలదు: మొదట ఒక ప్రక్క చక్రములక్రింద పలకలు వేసి అడ్డముగా సమముచేయుట, పిదప చక్రములకు అడ్డుచెక్కలు బిగించుట, అటుపైని కారునుండి విడదీసి ముక్కునందలి జాకీతో ముందువెనుకలు రసమట్టమునకు తెచ్చుట, అన్నిటికి తుదను నాలుగు మూలల జాకీలు దింపుట. ఈ మూలజాకీలు బండిని ఎత్తుటకు కావు. స్ప్రింగులును టైర్లును ఊగుటను అణచుటకు మాత్రమే. వానితో బండిని పైకెత్త బూనినచో చట్రము మెలితిరిగి తలుపులు పట్టివేయును.

సమతలము కేవలము సుఖనిద్రకొరకని తలచుట పొరపాటు. 1922లో స్టాక్‌హోమునందు విద్యార్థులైన ప్లాటెన్, మంటర్స్ అను నిరువురు స్వీడను యువకులు కంప్రెసరు లేకయే వేడిమిచే నడచు శీతలయంత్రమును నిర్మించిరి. తరువాత అదియే గ్యాసుమంటపై ట్రైలర్లలోనికి వచ్చెను. అందు అమ్మోనియా ద్రావణము గురుత్వముచేతనే మరల దిగిరావలెను. బండి ఒరిగినచో ద్రావణము నిలిచిపోవును, వేడిచేయు నాళము క్రాగిపోవును, యంత్రము తిరిగి బాగుపడనంతగా చెడును. 1954 నాటి ‘ది లాంగ్, లాంగ్ ట్రైలర్’ చిత్రమున లూసిల్ బాల్ బురదలో ఒరిగిన బండియందు నిద్రింప యత్నించి పడిన పాట్లకు జనులు నవ్విరి. నిజజీవితమున అట్టి ఒరపునకు ముందుగా బలియగునది మంచుపెట్టె.

డాలసు, న్యూజెర్సీ మొదలగు తావులనుండి వేసవిలో ఇట్టి బండ్లను అద్దెకు గొని పిల్లలతో పర్వతములకు పోవు తెలుగు కుటుంబములు నేడు కలవు. వారికి నా విన్నప మొకటియే: తాళములు చేతికందుకొనకమునుపే వెనుకబంపరు మూతలను విప్పించి గొట్టమును బయటికి లాగి చూడుడు, చిల్లి కనబడినచో మొగమాటము లేక క్రొత్తదానిని అడుగుడు, ఎంత సౌకర్యముగా తోచినను త్రాగునీటి గొట్టమును దాని ప్రక్కన పెట్టకుడు.