సెలవు పెట్టి చదువుకున్న డాక్టరు

1893లో రోనాల్డ్ రాస్‌ని అడిగి ఉంటే, మలేరియా క్రిమి అంటూ ఏదీ లేదని కొట్టిపారేసేవాడు. అడక్కపోయినా ఆ మాటే వ్యాసాలుగా రాశాడు. అప్పటికి ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి పన్నెండేళ్లు. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో ఆ పరాన్నజీవిని చూశానని చెప్పింది 1880లో. రాస్ కూడా జ్వరంతో ఉన్నవాళ్ల వేళ్లకు సూది గుచ్చి, నెత్తురు చుక్కలను గాజు పలకల మీద వేసి వెతికాడు. కనబడలేదు. జ్వరానికి మూలం పేగుల్లోని విషమేనని తేల్చేశాడు.

1894లో సెలవు మీద లండన్ వెళ్లాడు. అక్కడ ప్యాట్రిక్ మాన్సన్‌ని కలిశాడు. చైనాలో పనిచేస్తూ బోదకాలు పురుగు దోమ ఒంట్లో ఎదుగుతుందని 1877లో కనిపెట్టినవాడాయన. మాన్సన్ వాదన పెట్టుకోలేదు, స్లైడు పెట్టాడు. రక్తకణాల మధ్య నెలవంకల్లాంటి రూపాలు, వాటి నడుమ నల్లటి రేణువులు. ఏం వెతకాలో తెలిశాక రాస్‌కీ కనబడ్డాయి. దాదాపు ముప్పై ఏడేళ్ల వయసులో, తన పేరు మీద అచ్చయిన అభిప్రాయాన్ని పక్కన పెట్టి మళ్లీ విద్యార్థి అయ్యాడు. నాకు ఆయన నోబెల్ కంటే ఇదే పెద్దగా కనిపిస్తుంది.

గురువు చెప్పిందంతా ఒప్పే అనుకుంటే మాత్రం పొరపాటు. దోమ నీళ్లలో చచ్చిపడితే, ఆ నీళ్లు తాగినవాళ్లకు మలేరియా వస్తుందని మాన్సన్ ఊహ. 1895లో సికింద్రాబాద్ వచ్చిన రాస్ అదీ పరీక్షించాడు, అలాంటి నీళ్లు మనుషుల చేత తాగించి. ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ఫలితం తేలక ఆ దారి వదిలాడు. లండన్‌కి ఉత్తరాలు మాత్రం ఆగలేదు. చూసింది రాయడం, మాన్సన్ సలహా అందుకోవడం, మళ్లీ చూడటం ఏళ్ల తరబడి సాగింది. టపాలో నడిచిన పాఠమన్నమాట.

ఆ పాఠం 1897 ఆగస్టులో బేగంపేటలో ఫలించింది. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చేవాడు రాస్. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. 20న, మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు, వాటి లోపల అవే నల్లటి రేణువులు. లండన్‌లో చూసి ఉండకపోతే వాటిని గుర్తుపట్టేవాడా? మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని, కాటుతోనే సోకుతుందని తేల్చాడు.

అదే రోజుల్లో హైదరాబాద్‌లో ఎడ్వర్డ్ లారీ ఉన్నాడు. రెసిడెన్సీ సర్జన్, వైద్య పాఠశాలకు పెద్ద. క్లోరోఫారం ఇచ్చేటప్పుడు ఊపిరినే కనిపెట్టాలి, నాడి జోలికి పోవద్దన్నది ఎడిన్‌బరోలో ఆయన గురువు సైమ్ చెప్పిన పాఠం. దాన్ని నిలబెట్టడానికి నిజాం సొమ్ముతో 1888, 1889లలో రెండు కమిషన్లు నడిపించాడు. వందల కొద్దీ జంతువులు చచ్చాయి. ఊపిరే ముందు ఆగుతుందని తీర్మానించారు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ, మత్తు పైపైన ఉన్నప్పుడు గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదని పిల్లుల మీద చూపించాడు. లారీ అసమర్థుడేం కాదు. కానీ మలేరియా పరాన్నజీవి విషయంలోనూ లేదనే వాదించాడు.

ఉద్యోగంలో ఉన్న వైద్యులకు మళ్లీ పాఠం చెప్పాలని 1899లో మాన్సన్ లండన్‌లో ఉష్ణమండల వైద్య పాఠశాల తెరిచాడు. అదే ఏడు లివర్‌పూల్‌లో అలాంటి బడికే రాస్ అధ్యాపకుడయ్యాడు. మన దేశంలో 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు, ప్రతి డాక్టరూ ఐదేళ్లకోసారి కనీసం 30 గంటలు ఇలాంటి చదువుకు కేటాయించాలన్నాయి. సదస్సుకు వెళ్లి సంతకం పెడితే గంటలు జమవుతాయి. అక్కడ ఎవరి అభిప్రాయం మారిందో ఏ రిజిస్టరులోనూ ఉండదు.